శాక్సోఫోన్ సంకలనం: పాత సంగీతం, కొత్త అట్ట

జాజ్ శాక్సోఫోన్ సంకలనం ఎవరు కూర్చినా ‘బాడీ అండ్ సోల్’ను పక్కన పెట్టడం కష్టం. 1939 అక్టోబరు 11న న్యూయార్క్‌లో కోల్మన్ హాకిన్స్ టెనర్ శాక్సోఫోన్ మీద వాయించిన మూడు నిమిషాల రికార్డు అది. పాట అప్పటికే అందరికీ తెలిసినది. జానీ గ్రీన్ 1930లో కట్టిన బాణీ. హాకిన్స్ ఆ బాణీని మొదట్లో కాస్త తాకి వదిలేస్తాడు. ఆపైన పాట నడకను రెండుసార్లు చుట్టి వస్తాడు గానీ, దాని కింద ఉన్న స్వరసమూహాలను మాత్రమే ఆధారంగా ఉంచుకుని అక్కడికక్కడ కొత్త వరస అల్లుకుంటూ పోతాడు. మన కచేరీల్లో మనోధర్మం అనేదానికి ఇది దగ్గరి పని. కూనిరాగం తీసుకోవడానికి అసలు పాటే సరిగా మిగలని ఈ రికార్డు జనంలో బాగా అమ్ముడుపోయింది. ఆ తరం శాక్సోఫోన్ వాద్యకారులు దాన్ని అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నారు.

ఆ వాయిద్యం వయసు మాత్రం జాజ్ కన్నా పెద్దది. బెల్జియంలోని దినాం పట్టణంలో 1814లో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ దీన్ని తయారుచేసి 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఒళ్లంతా ఇత్తడే అయినా దీన్ని ట్రంపెట్ జాతిలో చేర్చరు. శబ్దం పుట్టేది మూతి దగ్గర బిగించిన రెల్లు పొర అదురుతోనే కాబట్టి క్లారినెట్ పక్కన నిలబెడతారు. నాదస్వరం పీకలో రెండు పొరలు ఒకదానికొకటి తగులుతూ అదురుతాయి. శాక్సోఫోన్‌లో ఒకే పొర, గట్టి మూతికి ఆనుకుని అదురుతుంది. గొట్టం పైనుంచి కిందికి క్రమంగా వెడల్పవుతూ పోతుంది. సాక్స్ కోరుకున్నది ఆరుబయట సైనిక బ్యాండ్‌లో వినిపించేంత బలం, చెక్క వాయిద్యాల్లో ఉండే మెత్తదనం కలిసిన గొంతు. అది సాధించాడు. కానీ అమెరికాలో 1920ల దాకా ఈ వాయిద్యాన్ని నవ్వులాటకే ఎక్కువ వాడారు. వినోద ప్రదర్శనల్లో కోడి కూతలు, గుర్రం సకిలింపులు తీయడానికి పనికొచ్చేది. ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో పదేళ్లు వాయించిన హాకిన్స్ చేసిన మొదటి మేలు, ఈ వెకిలితనాన్ని వదిలించి టెనర్‌కు నిండైన, బరువైన గొంతు ఇవ్వడం.

సోప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ అని శాక్సోఫోన్‌లు జాజ్‌లో ప్రధానంగా నాలుగు రకాలు. సన్నని గొంతు నుంచి లావుపాటి గొంతుకు ఇదే వరస. సంకలనాల్లో టెనర్‌దే పెత్తనం. ఆల్టో రెండో స్థానంలో ఉంటుంది. మిగతా రెండింటికీ ఒకటో రెండో చోట్లు దక్కితే గొప్ప.

హాకిన్స్ రికార్డుకు అయిదు వారాల ముందు, 1939 సెప్టెంబరులో, కౌంట్ బేసీ చిన్న బృందంతో లెస్టర్ యంగ్ ‘లెస్టర్ లీప్స్ ఇన్’ వాయించాడు. ఈ రెండింటినీ వెంటవెంటనే వినిపించే సంకలనం సగం పని అక్కడే పూర్తి చేసినట్టు. హాకిన్స్ ప్రతి స్వరసమూహాన్నీ విప్పి, దాని గదులన్నీ తిరిగి చూపిస్తాడు. యంగ్ వాటి మీదుగా తేలిపోతాడు. గొంతు తేలిక, కంపనం తక్కువ, తాళానికి కాస్త వెనకబడి నడిచే తీరు. వాయిద్యాన్ని పక్కకు వంచి ఎత్తిపట్టుకోవడం అతని అలవాటు, నెత్తిన గుండ్రటి టోపీ. బిల్లీ హాలిడే అతనికి ‘ప్రెజ్’ అని పేరు పెట్టింది, అంటే ప్రెసిడెంటు. తర్వాత వచ్చిన టెనర్ వాద్యకారులను ఈ ఇద్దరిలో ఎవరి పక్షమో చెప్పి పరిచయం చేయడం జాజ్ రచయితలకు పాత అలవాటు. బెన్ వెబ్‌స్టర్ హాకిన్స్ వైపు, స్టాన్ గెట్జ్ యంగ్ వైపు. పూర్తిగా నిజం కాకపోయినా వినడానికి పనికొచ్చే విభజనే.

మూడు నిమిషాల లెక్క సంగీతజ్ఞుల ఇష్టం వల్ల వచ్చింది కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక వైపున పట్టేది అంతే. పన్నెండు అంగుళాల రికార్డయితే నాలుగు నిమిషాలు దాటవచ్చు. సిడ్నీ బెషే 1939 జూన్‌లో సోప్రానో మీద వాయించిన ‘సమ్మర్‌టైమ్’ అలాంటి పెద్ద రికార్డు మీదే వచ్చి, అప్పుడే పుట్టిన బ్లూ నోట్ కంపెనీకి తొలి విజయం తెచ్చిపెట్టింది. ఈ రికార్డుల ముడిసరుకు లక్క. అమెరికాకు అది చాలావరకు భారతదేశం నుంచే వెళ్లేది. రెండో ప్రపంచయుద్ధంలో సరఫరా తగ్గి అక్కడ లక్కకు కరువొచ్చింది. కంపెనీలు పాత రికార్డులను వెనక్కి కొని కరిగించుకున్నాయి. దానికి తోడు సమ్మె. రేడియోలు, డబ్బులేస్తే పాడే జ్యూక్‌బాక్సులు తమ పొట్ట కొడుతున్నాయంటూ, రికార్డుల మీద వాటా ఇవ్వాలని అమెరికా సంగీతజ్ఞుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులు ఆపేసింది. రికార్డు కంపెనీల్లో డెకా ఏడాదికి దిగివచ్చింది. ఆర్‌సీఏ విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా పట్టుపట్టాయి.

సంకలనాల్లో ఈ కాలం దగ్గర కనిపించే గంతుకు కారణం ఇదే. 1942 మే నెలలో, రికార్డింగులు ఆగడానికి కాస్త ముందు, పందొమ్మిదేళ్ల ఇల్లినాయ్ జాకే లియొనెల్ హాంప్టన్ బృందంతో ‘ఫ్లయింగ్ హోమ్’ వాయించాడు. కేకలు, ఒకే స్వరం మీద మొండిగా నిలబడటం, నాట్యశాలను ఊపేసే దూకుడు. వరసలో తర్వాతి మెట్టుగా తరచు కనిపించేది 1945 నవంబరు 26న సవోయ్ కంపెనీకి ఛార్లీ పార్కర్ ఆల్టో మీద వాయించిన ‘కో-కో’. వినేవాడికి మధ్యలో ఏదో పుట జారిపోయినట్టు అనిపిస్తుంది. నిజంగానే జారిపోయింది. బీబాప్ అనే కొత్త పద్ధతి న్యూయార్క్ హార్లెమ్ క్లబ్బుల్లో రూపుదిద్దుకున్న సంవత్సరాలకు రికార్డులు దాదాపు లేవు. ‘కో-కో’కు ఆధారం ‘చెరొకీ’ అనే పాత పాట. పార్కర్ దాని స్వరసమూహాల నడక ఉంచుకుని బాణీ తీసేశాడు. అమెరికా చట్టంలో బాణీకి హక్కులుంటాయి గానీ అలాంటి నడకకు ఉండవు. కాబట్టి ఈ పద్ధతి చిన్న కంపెనీల ఖర్చుకూ కలిసొచ్చింది. మూడు నిమిషాలకు తక్కువ సమయంలో అతను చెప్పిన సంగతులు మొదటిసారి వింటే పట్టుబడవు. వేగం అలాంటిది.

ఆ రోజుల్లో రికార్డు మీద బొమ్మ ఉండేది కాదు. 78 రికార్డులు మధ్యలో కన్నం ఉన్న కాగితపు సంచుల్లో వచ్చేవి. నాలుగైదు కలిపి అమ్మాలంటే ఫొటోల పుస్తకంలా కుట్టిన అట్టల మధ్య సంచులుగా పెట్టేవారు. పైన గోధుమరంగో బూడిదరంగో అట్ట, దాని మీద పేరు. న్యూయార్క్ బ్రూక్లిన్ కుర్రవాడు అలెక్స్ స్టైన్‌వైస్ 1940 ప్రాంతంలో కొలంబియా కంపెనీని ఒప్పించి అట్ట మీద బొమ్మ వేయించాడు. రోజర్స్, హార్ట్ అనే జంట కట్టిన పాటల సంపుటి కోసం థియేటరు ముందు దీపాల బోర్డు మీద ఆ పేర్లు పెట్టించి ఫొటో తీయించాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు నిండలేదు. బొమ్మ ఉన్న అట్టలు ఎక్కువ అమ్ముడవుతున్నాయని తేలడంతో మిగతా కంపెనీలు అనుసరించాయి. దుకాణంలో సంగీతాన్ని కంటితో ఎంచుకోవడం అక్కడ మొదలైంది.

1948 జూన్‌లో కొలంబియా సంస్థే ఎల్పీని విడుదల చేసింది. నిమిషానికి ముప్పై మూడు చుట్ల పైచిలుకు, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం. విరగని వినైల్. కంపెనీలు కొత్తవి రికార్డు చేస్తూనే, గోదాముల్లో ఉన్న 78లను ఎల్పీలుగా కూర్చి మళ్లీ అమ్మడం మొదలుపెట్టాయి. జాజ్‌లో మహాకావ్యాలుగా చెప్పుకునే ఆల్బమ్‌లలో కొన్ని ఇలా అతికినవే. మైల్స్ డేవిస్ పేరుతో ఉన్న ‘బర్త్ ఆఫ్ ద కూల్’నే తీసుకుంటే, అందులోని సంగీతం 1949, 1950 సంవత్సరాల్లో మూడు విడతలుగా క్యాపిటల్ కంపెనీకి రికార్డు చేసినది. లీ కోనిట్జ్ ఆల్టో, జెరీ మలిగన్ బారిటోన్ వినిపించే ఆ తొమ్మిది మంది బృందం ముక్కలు మొదట విడివిడి రికార్డులుగా వచ్చి పెద్దగా కదలలేదు. 1957లో పదకొండు ముక్కలను ఒక్కచోట చేర్చి ఆ పేరు తగిలించాకే అవన్నీ ఒక ఉద్యమానికి ఆరంభంగా కనిపించాయి. సంకలనం అంటే పాత సరుకు అని తీసిపారేసేవారు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు. కూర్పు, పేరు, అట్ట కలిసి చరిత్రనే తయారు చేయగలవు.

ఎల్పీ రాకతో వాద్యకారుడికి సమయం దొరికింది. 1956 జూన్ 22న సోనీ రోలిన్స్ ‘శాక్సోఫోన్ కొలోసస్’ వాయించాడు. అందులోని ‘సెయింట్ థామస్’ అతని తల్లి వైపు వారి కరీబియన్ దీవుల పాటల ఆధారంగా సాగుతుంది. ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని తీసుకుని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ముక్కలు చేసి, మళ్లీ అతికి దాదాపు ఏడు నిమిషాలు నడిపిస్తాడు. 78 మీద ఇది సాధ్యం కాదు. రికార్డింగు జరిగింది న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో. వాన్ గెల్డర్ పగలు కళ్లద్దాలకు పరీక్షలు చేసే డాక్టరు. తీరిక వేళల్లో మైకులు సర్దేవాడు. ఈ కాలపు శాక్సోఫోన్ శబ్దం అంటే నేటి శ్రోత చెవిలో మెదిలేది చాలావరకు అతను పట్టిన శబ్దమే. వాద్యకారుడి ఊపిరి వినిపించేంత దగ్గరగా, కాస్త వెచ్చగా ఉంటుంది.

అట్టల చరిత్రలో నిదానంగా ఆగి చూడవలసిన చోటు బ్లూ నోట్. 1939లో న్యూయార్క్‌లో దీన్ని మొదలుపెట్టిన ఆల్ఫ్రెడ్ లయన్ బెర్లిన్ నుంచి వచ్చినవాడు. అతని చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ నాజీల పాలన నుంచి బయటపడి అదే ఏడాది చివర్లో వచ్చి చేరాడు. వుల్ఫ్ ఫొటోగ్రాఫరు. రికార్డింగు జరుగుతుండగా కెమెరా పట్టుకుని గదిలో తిరిగేవాడు. చీకటి వెనకతెర, ఒక వైపు నుంచి గట్టి వెలుగు, చెమట పట్టిన నుదురు, శాక్సోఫోన్ మీటల మీద వేళ్లు. తొలి చిన్న ఎల్పీల అట్టలను పాల్ బేకన్, జాన్ హెర్మన్‌సాడర్ వంటివారు చేశారు. గిల్ మెలే అనే శాక్సోఫోన్ వాద్యకారుడు కూడా తన అట్టలు తానే గీసుకున్నాడు. వాన్ గెల్డర్‌ను లయన్‌కు పరిచయం చేసింది కూడా అతనే.

1956 నుంచి అట్టల పని రీడ్ మైల్స్ చేతికి వచ్చింది. దాదాపు పదకొండేళ్లలో దగ్గర దగ్గర అయిదు వందల అట్టలు చేశాడు. ఒక్కోదానికి యాభై డాలర్లు ఇచ్చేవారని చెబుతారు. అతనికి జాజ్ మీద మమకారం లేదు. వినేది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. చేతికొచ్చిన జాజ్ రికార్డులను ఇచ్చేసి శాస్త్రీయ రికార్డులు తెచ్చుకునేవాడట. సంగీతం వినకుండా, లయన్ చెప్పిన నాలుగు మాటలు విని అట్ట కట్టేవాడు. అందుకేనేమో అతని అట్టల్లో అభిమాని తీపి కనపడదు. కొలత, కోత, ఖాళీ స్థలం కనపడతాయి. వుల్ఫ్ ఎంతో ఓపికగా తీసిన ముఖాన్ని నుదుటి దగ్గర కోసేసేవాడు. వుల్ఫ్‌కు ఒళ్లు మండేది. నాలుగు రంగుల అచ్చు ఖరీదు కాబట్టి నలుపుతో పాటు ఇంకొక్క రంగు. నలుపు తెలుపు ఫొటోను ఆ రంగులో ముంచి, పేరును పెద్ద అచ్చక్షరాలతో మూలకు తోసేవాడు.

జాన్ కోల్ట్రేన్ 1957 సెప్టెంబరు 15న రికార్డు చేసిన ‘బ్లూ ట్రేన్’ అట్ట ఈ పద్ధతికి మచ్చుతునక. నీలంలో మునిగిన ముఖం, నోటి దగ్గర చేయి, ఏదో ఆలోచన. వాయిస్తున్నట్టు కూడా చూపించలేదు. జాకీ మెక్లీన్ ఆల్బమ్ ‘ఇట్స్ టైమ్!’ దీనికి ఎదురు కొస. అట్ట నిండా వరసలు వరసలుగా ఆశ్చర్యార్థకాలు, పైన తపాలా బిళ్ళంత ఫొటో. వాద్యకారుడి ముఖం అమ్మకానికి పెట్టుబడి అనుకునే కంపెనీ ఏదీ దీనికి ఒప్పుకోదు. జానీ గ్రిఫిన్ టెనర్ వాయించిన ‘ద కాంగ్రిగేషన్’కు బొమ్మ గీసింది ఆండీ వార్హోల్, అప్పటికింకా పత్రికల ప్రకటనలకు చెప్పుల బొమ్మలు వేసుకుంటూ బతుకుతున్న చిత్రకారుడు.

బ్లూ నోట్ ఒక్కటే ఆ కాలం కాదు. జాజ్ నిర్మాత నార్మన్ గ్రాంజ్ కంపెనీలకు డేవిడ్ స్టోన్ మార్టిన్ సిరాతో సన్నని, గీరినట్టుండే గీతల బొమ్మలు వేశాడు. పార్కర్ ముద్దుపేరు ‘బర్డ్’ కాబట్టి అతని అట్టల మీద పక్షులు వాలాయి. జిమ్ ఫ్లోరా కొలంబియా, ఆర్‌సీఏ విక్టర్‌లకు మూడు కాళ్ల మనుషులు, కళ్లు ఎక్కడెక్కడో ఉన్న వాద్యకారులతో అల్లరి బొమ్మలు గీశాడు. లాస్ ఏంజెలస్ వైపు గాలి వేరు. చీకటి గది బదులు ఎండ, సముద్రం. ఫొటోగ్రాఫరు విలియం క్లాక్స్టన్ సోనీ రోలిన్స్‌ను మొహావీ ఎడారికి తీసుకెళ్లి కౌబాయ్ టోపీ, తుపాకీ బెల్టుతో నిలబెట్టాడు. చేతిలో తుపాకీ బదులు శాక్సోఫోన్. 1957లో వచ్చిన ఆ ‘వే అవుట్ వెస్ట్’ ఆలోచన రోలిన్స్‌దే. చిన్నప్పటి నుంచి కౌబాయ్ సినిమాల పిచ్చి. నల్లజాతి వాద్యకారుడు తెల్ల హీరోల వేషం కట్టి నవ్వకుండా నవ్వించిన అట్ట అది. పాల్ డెస్మండ్ ఆల్టో వినిపించే ‘టైమ్ అవుట్’కు 1959లో నీల్ ఫుజిటా తన వర్ణచిత్రాన్నే అట్ట చేశాడు. స్టాన్ గెట్జ్, జోవావ్ జిల్బెర్టోల 1964 నాటి బ్రెజిల్ ఆల్బమ్‌కు పోర్టోరికో చిత్రకారిణి ఓల్గా అల్బీజు రంగుల ముద్దలు వేసింది. కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ అట్ట మీది నలుపు తెలుపు ఫొటోను ఆల్బమ్ నిర్మాత బాబ్ థీల్ తీశాడు.

ఇంత వైవిధ్యం ఉంటే, నేటి సంకలనాల ‘రెట్రో’ అట్టల్లో కనిపించేది మాత్రం దాదాపు ఒకే ముఖం. టోపీ పెట్టిన మనిషి నీడ, వంపు తిరిగిన శాక్సోఫోన్, పొగ, నీలం లేదా నారింజ రంగు, బరువైన అచ్చక్షరాలు. ఇది బ్లూ నోట్ 1957 నాటి పద్ధతికి నకలుకు నకలు. డబ్బులేక రెండు రంగులతో సరిపెట్టుకున్న పని ఇప్పుడు రుచికి గుర్తయింది. లక్ష రంగులు చూపగల తెర మీద కూడా రెండింటితోనే ఆగుతున్నారు. పాత ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు కనపడటం, ఒక రంగు పక్కకు జరగడం లోపాలు. ఇప్పుడు వాటిని కంప్యూటరులో పనిగట్టుకుని చేరుస్తారు. లోపలి ప్లేటు ఒరిపిడికి అట్ట మీద ఏళ్ల తరబడి పడే గుండ్రటి మచ్చను కూడా అచ్చు వేస్తారు, లోపల ప్లేటే లేని డిజిటల్ ఆల్బమ్‌కు సైతం.

అనుకరణ అంతా అలా తేలిపోయేది కాదు. జో జాక్సన్ అనే ఆంగ్ల పాప్ గాయకుడు 1984లో ‘బాడీ అండ్ సోల్’ పేరుతోనే తెచ్చిన ఆల్బమ్ అట్ట, బ్లూ నోట్ వేసిన ‘సోనీ రోలిన్స్ వాల్యూమ్ 2’ అట్టకు బహిరంగ నమస్కారం. ఎవరి అట్ట ఆధారమో తెలిసేలా చేసిన పని. పేరులేని రెట్రో సంకలనాల చిక్కు వేరు. అవి హాకిన్స్‌కూ పార్కర్‌కూ కోల్ట్రేన్‌కూ ఒకే పొగ పట్టిస్తాయి. ‘బాడీ అండ్ సోల్’ మొదట కొన్నవాడి చేతిలో ఉన్నది కాగితపు సంచి. ‘కో-కో’ కొన్నవాడికీ అంతే. పాతికేళ్ల సంగీతాన్ని అట్ట ఒకే రాత్రిలోకి కుదిస్తుంది.

లోపలి ఎంపికలోనూ లెక్కలున్నాయి. సీడీలో పట్టేది డెబ్భై నాలుగు నుంచి ఎనభై నిమిషాలు. బెషే, హాకిన్స్, యంగ్, వెబ్‌స్టర్, పార్కర్ అయిదుగురి 78లూ కలిపినా ఇరవై నిమిషాలు కావు. కోల్ట్రేన్ 1960లో సోప్రానో మీద వాయించిన ‘మై ఫేవరెట్ థింగ్స్’ ఒక్కటే పదమూడు నిమిషాలు దాటుతుంది. ‘బ్లూ ట్రేన్’ పేరు పాటకు పది నిమిషాల పైనే. కూర్చేవారు ఎల్పీ కాలం నుంచి పొట్టివి వెతుకుతారు. డెస్మండ్ ‘టేక్ ఫైవ్’, కోల్ట్రేన్ ‘జయంట్ స్టెప్స్’ అలా అన్నిచోట్లా కనపడతాయి. గొప్పతనం ఒక కారణం, అయిదారు నిమిషాల్లోపు ముగియడం ఇంకో కారణం. దాంతో కోల్ట్రేన్ అంటే వేగం అనే అభిప్రాయం పడిపోతుంది. అతను ఒకే స్వరాధారం మీద చాలాసేపు నిలిచి, మెల్లగా వేడెక్కే వాయింపు వినపడకుండా పోతుంది. ఆర్నెట్ కోల్మన్ తెల్లటి ప్లాస్టిక్ ఆల్టో మీద తెచ్చిన విప్లవం ‘క్లాసిక్’ అనే మాటకు లొంగదని పక్కన పెడతారు. స్త్రీలు దాదాపు ఉండరు. పార్కర్ బాణీలో ఆల్టో వాయించిన వై రెడ్ 1962లో ‘బర్డ్ కాల్’ ఆల్బమ్ చేసింది. ఆమెకు చోటిచ్చిన సంకలనాలు అరుదు.

భారతదేశానికి ఈ కథలో నిజమైన చోటే ఉంది. కోల్ట్రేన్ 1961 నవంబరులో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ‘ఇండియా’ అనే రచన వాయించాడు. 1965లో పుట్టిన కొడుక్కి రవిశంకర్ మీద గౌరవంతో రవి అని పేరు పెట్టాడు. ఆ రవి కోల్ట్రేన్ కూడా శాక్సోఫోన్ వాద్యకారుడే. రోలిన్స్ 1960ల చివర్లో వాయించడం మానేసి బొంబాయి పొవాయిలోని చిన్మయానంద ఆశ్రమంలో కొన్నాళ్లు ఉన్నాడు. 1978లో అదే నగరంలో తొలి ‘జాజ్ యాత్ర’ ఉత్సవానికి వాద్యకారుడిగా తిరిగొచ్చాడు. మంగళూరు ప్రాంతపు నాదస్వర కుటుంబం నుంచి వచ్చిన కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని ఆకర్షితుడై, గమకాలు పలికేలా దాన్ని మార్చుకుని కర్ణాటక సంగీతం వాయించాడు. తెలుగు శ్రోతల్లో చాలామందికి పెళ్లి బ్యాండ్ల తర్వాత శాక్సోఫోన్ అంటే ఆయనే. 2008లో అమెరికా ఆల్టో వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి ఆయన చేసిన ‘కిన్స్‌మెన్’లో ఈ రెండు దారులూ కలుసుకుంటాయి.

చవక సంకలనాలు ఇన్ని రావడానికి చట్టం ముఖ్య కారణం. ఐరోపాలో రికార్డింగుల మీద హక్కులు యాభై ఏళ్లు ఉండేవి. డెబ్భైకి పెంచిన మార్పు 2013లో అమలయ్యేనాటికే 1962 చివరి దాకా విడుదలైనవన్నీ హక్కులు దాటిపోయాయి. వాటిని వెనక్కి తేలేదు. అక్కడి చిన్న కంపెనీల పెట్టెలు చాలావరకు 1962 దగ్గరే ఆగడం రుచికి సంబంధించినది కాదు, తేదీకి సంబంధించినది. 1965లో విడుదలైన ‘ఎ లవ్ సుప్రీమ్’ ఆ పెట్టెల్లో ఉండదు. భారతదేశంలో రికార్డింగుకు, విడుదలైన ఏడాది ముగిశాక అరవై ఏళ్ల రక్షణ. 1960లో వచ్చినది 2021 జనవరి 1 నుంచి ఇక్కడ ఎవరైనా వేయవచ్చు. బాణీ హక్కు వేరు. అది స్వరకర్త మరణించాక అరవై ఏళ్లు నడుస్తుంది. ‘టేక్ ఫైవ్’ కట్టిన డెస్మండ్ 1977లో పోయాడు కాబట్టి ఆ బాణీ ఇంకా రక్షణలోనే ఉంది. దాని రాయల్టీలు అతని వీలునామా ప్రకారం అమెరికన్ రెడ్‌క్రాస్‌కు వెళతాయి. అట్ట మీది ఫొటో, బొమ్మ, కంపెనీ గుర్తు మూడింటికీ విడివిడి హక్కులున్నాయి. సంగీతం చట్టబద్ధంగా చేతికొచ్చినా అసలు అట్టను ముట్టుకోకూడదు. అందుకే అసలును గుర్తుచేసేది, అసలు కానిది అయిన రెట్రో అట్ట పుడుతుంది.

ఈ సంకలనాల్లో మంచిదేదో చెప్పేది వెనక అట్ట. పాత ఎల్పీల వెనక వాద్యకారుల పేర్లు, తేదీ, రికార్డు చేసిన చోటు, ఒక పేజీ వ్యాసం ఉండేవి. 1973లో మార్టిన్ విలియమ్స్ ఎంపికతో స్మిత్సోనియన్ సంస్థ తెచ్చిన ఆరు ఎల్పీల జాజ్ సంకలనం ఆ వివరాలను పుస్తకంగానే జతచేసి ఒక తరం విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. పేరులేని పెట్టెల్లో ఇవేవీ ఉండవు. ఫోను యాప్‌లలో పరిస్థితి ఇంకా చిక్కు. పాట పక్కన చాలాసార్లు కనపడేది సంకలనం ఎక్కించిన ఏడాది. హాకిన్స్ 1939లో వాయించినది అక్కడ నిన్నమొన్నటి పాటగా నమోదవుతుంది. ‘బాడీ అండ్ సోల్’ అని వెతికితే హాకిన్స్ దశాబ్దాల తర్వాత మళ్లీ వాయించినవీ కలిసి వస్తాయి. బ్లూబర్డ్ ముద్రతో వచ్చిన మొదటిది కావాలంటే నిడివి సరిగ్గా మూడు నిమిషాల దగ్గర ఉందో లేదో చూసుకోవాలి.